ఎఫ్ తీగకు రెండో కొస

నిక్షేపంలాంటి డైనమోను చచ్చిపోయిందని చెప్పి పారేయించినవాణ్ణి నేను. అది 1952 నాటి షెవ్రొలే 3100 పికప్‌ది. మా వీధి చివర ఉండే పెద్దాయనకు వాళ్ల నాన్న నుంచి వచ్చిన బండి. ఒకప్పుడు పొలం పనులకు తిరిగింది. మేముండేది ఇండియానాలో. ఆ డైనమోలు చేసిన డెల్కో-రెమీ కంపెనీ ఊరు ఆండర్సన్ కూడా ఈ రాష్ట్రంలోనిదే. నేను కాకినాడలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివానని ఆయనకు తెలుసు. అందుకే మారుమాట లేకుండా నమ్మాడు. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

బండి స్టార్టయ్యేది గానీ అమ్మీటర్ ముల్లు ఛార్జింగ్ వైపు కదిలేది కాదు. బానెట్ ఎత్తి చూస్తే డైనమో మీద రెండే రెండు టెర్మినళ్లు. వాటికి వచ్చే తీగలు గుడ్డ తొడుగువి. ఏ తీగ ఏదో తెలియడానికి ఆ అల్లికలో వేసే రంగు దారం నూనెకూ దుమ్ముకూ నల్లబడిపోయింది. పెయింటు మెల్లగా గీకితే ఒకదాని పక్కన 'ఏ', ఇంకోదాని పక్కన 'ఎఫ్' బయటపడ్డాయి. ఆర్మేచర్, ఫీల్డ్. తెలుసుకోవాల్సింది తెలిసిపోయిందనుకున్నాను. పొరపాటు అక్కడే జరిగింది.

కాలేజీ ల్యాబ్‌లో డీసీ షంట్ జనరేటర్‌కు నాలుగు టెర్మినళ్లు ఉండేవి: ఏ, ఏఏ, ఎఫ్, ఎఫ్ఎఫ్. ఆర్మేచర్ రెండు కొసలూ, ఫీల్డ్ రెండు కొసలూ కళ్లెదుటే ఉండేవి. ఎఫ్‌ను ఏకి, ఎఫ్ఎఫ్‌ను ఏఏకి కలిపి తిప్పితే వోల్టేజి పుంజుకునేది. ఇనుములో మిగిలిపోయిన కాస్త అయస్కాంతత్వమే దానికి ఆధారం. పాలకు తోడు ఎంతో దానికి అదంత. పికప్ డైనమోలో బయటికి వచ్చేవి రెండే కొసలు. ఆర్మేచర్ రెండో కొస బాడీకి ఎర్త్ అవుతుంది. మరి ఫీల్డ్ రెండో కొస ఎక్కడికి పోతుంది? ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

తట్టకపోవడానికి కారణం ఉంది. అంతకుముందు ఒక ఫోర్డ్ ఎఫ్-1 బాగుచేశాను. ఆ ఫోర్డ్ డైనమోలో ఫీల్డ్ రెండో కొస లోపలే ఎర్త్ అయి ఉంటుంది. ఎఫ్‌కు కరెంటు ఇచ్చేది రెగ్యులేటర్. పరీక్షించాలంటే ఏ నుంచి ఎఫ్‌కు చిన్న వైరు కలపాలి. ఫీల్డ్‌కు పూర్తి కరెంటు అంది డైనమో వోల్టేజి ఎగిసిపడుతుంది. అచ్చం ల్యాబ్‌లో చేసినట్టే. డెల్కో-రెమీ డైనమో దీనికి సరిగ్గా తలకిందులు. ఫీల్డ్ రెండో కొస లోపల ఏ దగ్గరే కలిసి ఉంటుంది. రెగ్యులేటర్ పని ఎఫ్‌ను ఎర్త్ చేయడం, వోల్టేజి పెరిగితే ఆ దారికి అడ్డుపడడం. దీనికి ఏ-సర్క్యూట్ అనీ, ఫోర్డ్ పద్ధతికి బీ-సర్క్యూట్ అనీ పేర్లు.

ఆ తేడా తెలియని నేను ఏ నుంచి ఎఫ్‌కు వైరు పెట్టాను. ఫీల్డ్ రెండు కొసలూ ఒకేచోట కలిసిపోయాయి కాబట్టి కాయిల్‌లో కరెంటు పారదు. ముల్లు కదల్లేదు. "డైనమో పోయింది" అని తేల్చేశాను. రీకండిషన్ చేసినది తెప్పించాం. ఇక్కడి అలవాటు ప్రకారం బదులుగా పాతది ఇచ్చేశాం. వాళ్ల నాన్న కాలం నుంచి ఉన్న డైనమో, కంపెనీ రేకు బిళ్లతో సహా వెళ్లిపోయింది.

కొత్తది బిగించినా అదే తంతు. అదే పరీక్ష, అదే ఫలితం. ఒకే పరీక్షలో రెండు డైనమోలూ తప్పితే పరీక్షను అనుమానించాలి కదా! నేను డైనమో పంపిన షాపును అనుమానించాను. ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. అవతలి మెకానిక్ ఓపిగ్గా విని, ఇంజన్ నడుస్తుండగా ఎఫ్‌ను ఒక్క క్షణం బాడీకి తాకించి చూడమన్నాడు. తాకించాను. ముల్లు ఛార్జింగ్ వైపు దూకింది.

అసలు లోపం రెగ్యులేటర్ ఎర్త్‌లో ఉంది. దాన్ని బిగించిన రేకు దగ్గర తుప్పు పట్టడంతో ఎఫ్‌కు ఎర్త్ దారే లేదు. ఉప్పుకాగితంతో రుద్దితే పోయే తుప్పు. అదే ఎర్త్ బాగుండి ఉంటే, నేను పెట్టిన వైరు ఆర్మేచర్ కరెంటును సూటిగా రెగ్యులేటర్ పాయింట్ల మీదుగా ఎర్త్‌కు పంపి వాటిని కాల్చేసేది.

బండి కదలకుండానే ఈ తేడా పట్టుకోవచ్చు. రెండు తీగలూ విప్పి, ఎర్త్ కాని బ్రష్‌కూ కమ్యుటేటర్‌కూ మధ్య దళసరి కాగితం ముక్క దూర్చాలి. మల్టీమీటర్ ఎఫ్-ఏ మధ్య కొద్ది ఓమ్‌లు చూపి, ఎఫ్-బాడీ మధ్య తెగినట్టు చూపితే ఏ-సర్క్యూట్. ఎఫ్-బాడీ మధ్య ఓమ్‌లు చూపి, ఎఫ్-ఏ మధ్య తెగితే బీ-సర్క్యూట్. ఆ కాగితం ముక్క పెట్టకపోతే ఆర్మేచర్ తీగచుట్ల గుండా అన్నీ కలిసినట్టే కనిపించి మీటరు మోసం చేస్తుంది.

పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. పాత డైనమోకు ఏ రోగమూ లేదని, తప్పు నాదేనని. ఆ షాపుకు మళ్లీ ఫోన్ చేసి క్షమాపణ అడిగి, పాతది దొరుకుతుందేమోనని వాకబు చేశాను. అప్పటికే విప్పేశారు.

ఇప్పుడు ఆ పికప్ గ్లవ్‌బాక్స్‌లో నా చేతిరాతతో ఒక అట్ట ఉంటుంది. "ఇది ఏ-సర్క్యూట్. పరీక్షకు ఎఫ్‌ను ఎర్త్ చేయాలి, క్షణం మించి ఉంచరాదు; వోల్టేజి పెరిగి బల్బులు మాడతాయి. డైనమో విప్పి బిగిస్తే, తీగలన్నీ కలిపాక, ఇంజన్ స్టార్ట్ చేసే ముందు రెగ్యులేటర్ మీద బ్యాట్, జెన్ టెర్మినళ్లను వైరుతో ఒక్కసారి తాకించాలి. ఫోర్డ్‌లో చేసినట్టు ఎఫ్ తీగను విప్పి బ్యాట్‌కు తాకించవద్దు. ఇక్కడ అలా చేస్తే ప్లస్, మైనస్ తారుమారవుతాయి, రెగ్యులేటర్‌లోని కటౌట్ పాయింట్లు అతుక్కుపోతాయి." ఫోర్డ్ కోసం ఇంకో అట్ట రాసి ఆ బండిలో పెట్టాను.