రాకీ భాయ్ సముఖానికి కె.జి.ఎఫ్. వాసి అర్జీ

మహారాజశ్రీ నరాచి సర్వాధికారి, సుల్తాన్ రాకీ భాయ్ గారికి,
ఓడ మునిగిన చోటు, సముద్రగర్భం.

విషయం: మా ఊరి పేరు తమరు వాడుకోవడం గురించి.

అయ్యా,

న్యాయంగా ఈ అర్జీ గనుల శాఖకు పెట్టుకోవాలి. కానీ 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాక మా ఊరికి యజమాని ఎవరో చెప్పడం ఊళ్ళో వాళ్ళకే కష్టంగా ఉంది. బయటి ఊళ్ళో ఎవరినైనా అడిగి చూడండి, తడుముకోకుండా తమరి పేరే చెబుతారు. ఫోన్లో మా ఊరి పేరు కొడితే ముందు తమరి గడ్డమే కనబడుతుంది. పట్టా తమరి పేరు మీదే ఉన్నట్టు లెక్క కాబట్టి అర్జీ కూడా తమరికే.

ముందుగా ఒక మనవి. నేను తమరి వ్యతిరేకిని కాను, వీరాభిమానిని. మా జిల్లాలో ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. మాకు కన్నడ హీరో ఎంతో తెలుగు హీరో అంతే. 2018 డిసెంబర్‌లో తమరి ‘కె.జి.ఎఫ్.’ సినిమా మొదటి భాగాన్ని కన్నడంలో చూసి, సాయి కొర్రపాటి గారు విడుదల చేసిన తెలుగులోనూ చూసి, రెండు చోట్లా ఈల వేశాం. రెండో భాగంలో ఒక్క బంగారు బిస్కెట్టు కోసం పోలీసు స్టేషన్ మీదికి అంత తుపాకీ తెచ్చారు. బిస్కెట్టు అనేదాన్ని జన్మలో చేత్తో ముట్టని గని కార్మికుడి మనవడు అది చూసి ఈల వెయ్యక ఏం చేస్తాడు?

అయితే అభిమానమన్నాక పేచీ కూడా ఉంటుంది. నవలను సినిమాగా తీస్తే అభిమానులు పుస్తకం చంకన పెట్టుకుని హాలుకు వెళతారు. పీటర్ జాక్సన్ ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ తీసి టామ్ బాంబడిల్ అనే పాత్రను వదిలేశాడని ఇరవై ఏళ్ళు దాటినా గొణిగేవాళ్ళు ఉన్నారు. మన దగ్గర మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లోంచి ‘పాతాళభైరవి’ తీస్తే మాత్రం జనం పుస్తకం సంగతి మరిచిపోయి తోటరాముణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. తమరి సినిమాకూ ఒక పుస్తకం ఉంది. ఆనంద్ ఇంగళగి అనే పాత్రికేయుడు ‘ఎల్ డొరాడో’ అని రాస్తే సర్కారు ఒక్కటి తప్ప కాపీలన్నీ తగలబెట్టించిందట. చిక్కేమిటంటే ఆ పాత్రికేయుడూ కల్పితమే, ఆ పుస్తకమూ కల్పితమే. ఇక మేము దేన్ని పట్టుకుని హాలుకు రావాలి? మా చంకలో ఉన్నది ఊరొక్కటే. అందుకని దానితోనే సరిచూసుకున్నాం.

కథ ప్రకారం 1951లో, తమరు పుట్టిన రాత్రే బంగారం బయటపడింది. ‘పాతాళభైరవి’ విడుదలైందీ ఆ ఏడాదే, తమాషా చూడండి. కానీ అప్పటికి మా పాతాళానికి డెబ్బై ఏళ్ళు నిండాయి. లండన్‌కు చెందిన జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ దిగింది 1880లో. సినిమాలో సూర్యవర్ధన్ సున్నపురాయి అని చెప్పి తొంభై తొమ్మిదేళ్ళ లీజు రాయించుకుని, బంగారం సంగతి లోకానికి తెలియకుండా దాచాడు. మా గనిని దాచడం ఎవరి తరం? దానికి కరెంటు కావాలని శివనసముద్రం దగ్గర కావేరి నీళ్ళతో విద్యుత్తు పుట్టించి, సుమారు 148 కిలోమీటర్లు తీగలు లాగి, 1902లో ఇక్కడికి తెచ్చారు. బెంగళూరు వీధి దీపాలకు ఆ భాగ్యం 1905లో గానీ దక్కలేదు. ఇప్పుడు బెంగళూరు నుంచి వచ్చి మా ఊళ్ళో కరెంటు ఉంటుందా అని అడిగేవాళ్ళకు ఈ ముక్క తమరి నోట చెప్పిస్తే బాగుండేది.

రంగు సంగతి కూడా చెప్పాలి. భువన్ గౌడ కెమెరా అద్భుతం, అందులో రెండో మాట లేదు. కానీ తమరి నరాచి గనిలో నేలా, గోడా, మొహమూ, ఆకాశమూ అన్నీ మసే. అది బొగ్గు గని రంగు. మా బంగారం ఉండేది తెల్ల పలుగురాతి చారల్లో. రాయిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం లాగేశాక మిగిలినదంతా గుట్టలుగా పోశారు. అవే సైనైడ్ దిబ్బలు. పాలిపోయి, బూడిదకీ పసుపుకీ మధ్య రంగులో ఉంటాయి. తమరి యుద్ధాలు కొన్ని ఆ దిబ్బల దగ్గరే తీశారు. గాలి వీచినప్పుడు ఆ దుమ్ము ఇంట్లో గిన్నెల మీద కూడా వాలుతుంది. సినిమాలో అది ఎంత అందంగా లేచిందో!

లోతు మాట సినిమాలో అసలు రాలేదు. తమరి మనుషులు గుహల్లో సుత్తులు పట్టుకుని కొట్టారు. మా వాళ్ళు కేజ్‌లో నిలబడి దిగేవాళ్ళు, ఒక శాఫ్ట్‌లోంచి ఇంకో శాఫ్ట్‌లోకి మారి, ఇంకా కిందికి. చాంపియన్ రీఫ్ గని నేలకు మూడు కిలోమీటర్లకు పైగా లోతు పోయింది. అక్కడ రాయే సెగలు కక్కుతుంది. ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలితే పైన కూలి లైన్ల ఇళ్ళలో పడుకున్న వాళ్ళకు కూడా మంచం కదిలేది. విలన్ గరుడ తుపాకులకు జడిసిన నరాచి జనానికి ఆ చప్పుడు వినిపించి ఉంటే గరుడను లెక్క చేసేవారు కాదు. మా వాళ్ళలో చాలామందిని తీసుకెళ్ళింది ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతి పొడి. దానికి నేపథ్య సంగీతం ఉండదు.

ఇంకో విచిత్రం. 1965లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళూ, జపాన్, ఇంగ్లండు శాస్త్రవేత్తలూ కలిసి చాంపియన్ రీఫ్‌లో రెండు కిలోమీటర్లకు పైగా లోతున పరికరాలు పెట్టి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. ఆ ఏడు ఆ పని జరిగిన చోట్లు లోకం మొత్తం మీద రెండే. రెండోది దక్షిణాఫ్రికాలోని బంగారు గని. ఆకాశం నుంచి వచ్చిన కణాన్ని పాతాళంలో పట్టుకున్నారంటే, ‘పాతాళభైరవి’లోని నేపాళ మాంత్రికుడు కూడా ముక్కు మీద వేలేసుకుంటాడు. తమరి రచయితలు ఇది వదిలేశారంటే నాకు బొత్తిగా అర్థం కాలేదు.

అసలు పేచీకి వస్తాను. సినిమాలో వేలమంది తలలు వంచుకుని తమరి కోసం కాచుకుని ఉంటారు. ఒక్కడు వస్తాడు, గరుడ తల నరుకుతాడు, అందరూ మోకరిల్లుతారు. హాల్లో నేనూ ఒళ్ళు పులకరించి చూశాను. బయటికొచ్చాకే కోపం వచ్చింది. ఉత్తర ఆర్కాటు నుంచి, చిత్తూరు వైపు నుంచి ముంతా మూటా పట్టుకుని వచ్చిన మా తాతలు, అందులో ఎక్కువమంది ఊరవతల వాడల నుంచి వచ్చినవాళ్ళు, రక్షకుడి కోసం కూర్చోలేదు. 1930లో వేలిముద్రలు పెట్టించి పేర్లు నమోదు చేస్తామంటే పని ఆపేసి గనుల్ని నిలబెట్టేశారు. సంఘాలు పెట్టుకున్నారు. ఒక్క కుళాయి దగ్గర తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ నాలుగింట్లోనూ తిట్టుకోగలిగేవారు. నరాచిలో కనీసం ఆ తిట్టయినా వినబడలేదు.

మా కథలో విలన్‌కు గొడ్డలి లేదు, జమాఖర్చుల పుస్తకం ఉంది. గనులు 1956లో మైసూరు సర్కారుకు, తర్వాత కేంద్రానికి వచ్చాయి. రాయిలో బంగారం పలచబడుతూ వచ్చింది. తీసిన కాస్తనీ బజారు ధర కంటే తక్కువకు సర్కారుకే అమ్మాలి. నష్టం అన్నారు, తాళం వేశారు. నూట ఇరవై ఏళ్ళలో ఇక్కడ తీసింది ఎనిమిది వందల టన్నులకు పైమాటే. తమరు బంగారమంతా ఓడకెత్తి సముద్రంలో మునిగిపోయారు. దొరల రోజుల్లో మా బంగారం కూడా ఓడెక్కింది, ఆ ఓడలు మాత్రం మునగలేదు.

2024లో పా. రంజిత్ మా గనుల కథతో ‘తంగలాన్’ తీశారు. మంత్రగత్తె, శాపం, మాయలు అందులోనూ ఉన్నాయి. రెండో సగం నాకు కాస్త గజిబిజిగా తోచింది. అయినా ఆ మనుషులకు ఊరుంది, పొలముంది, పెళ్ళాం పిల్లలున్నారు. మాయ ఉంటే మనుషులు ఉండకూడదని నియమమేమీ లేదని తెలిసింది.

మూడో భాగం ఉందన్నట్టు తమరు సూచించి వెళ్ళారు కాబట్టి కోరికలు విన్నవించుకుంటున్నాను. సైనైడ్ దిబ్బల మీద ఏదైనా మొలిచేలా చూడండి. మిగిలిన ఆ ఒక్క ‘ఎల్ డొరాడో’ కాపీని మా ఊరి రాబర్ట్‌సన్‌పేటలో పెట్టించండి, చదివి సరిచూసుకుంటాం. మూతపడిన శాఫ్ట్ దగ్గర ఒక్క షాటయినా తియ్యండి. గనులు పోయాక మా వాళ్ళు కూలికీ, కొలువుకీ తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి తిరిగొస్తున్నారు. కొత్త సినిమాలో తమరి ఎంట్రీ ఆ రైల్లో పెట్టించండి. కోటు వేసుకున్నా సరే, తుపాకీ తెచ్చుకున్నా సరే. రైలు బయల్దేరే మారికుప్పంలోనే ఎక్కాలి మరి. ఉరిగాం వచ్చేసరికి సుల్తానుకైనా సీటు దొరకదు.

ఇట్లు,
తమరి వీరాభిమాని,
ఉరిగాం, కె.జి.ఎఫ్., కోలారు జిల్లా.