కరెంటు పోతే ఆగే తబలా

ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి తేరు జనవరి చలిలో వస్తుంది. ఆ రోజుల్లో ఊరంతా మిఠాయి అంగళ్లు, రంగులరాట్నాలు, ఎద్దుల సంత. వాటికి తోడు సందుకొక ఫ్లెక్సీ. అందులో ఒకటి నన్ను నిలబెట్టి చదివించింది. ‘భారీ లైవ్ సినీ ఆర్కెస్ట్రా! 20 మంది కళాకారులతో! సింఫనీ స్థాయిలో!’ సింఫనీ పక్కన ఒక వయొలిన్ బొమ్మ. వయొలిన్ చుట్టూ కమిటీ సభ్యుల ఫొటోలు, నల్లకళ్లద్దాలతో, సెల్‌ఫోన్ చెవిన పెట్టుకొని. లెక్కబెడితే ఆ ఫొటోలు సరిగ్గా 20. కళాకారుల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో రాత్రి కార్యక్రమం చూశాక అర్థమైంది.

వేదిక మీద ఉన్నది ఏడుగురు. కీబోర్డు ఒకాయన, ప్యాడ్స్ ఒక కుర్రాడు, తబలా, వయొలిన్, పాడేవాళ్లు ఇద్దరు, మధ్యమధ్య ‘గట్టిగా చప్పట్లు కొట్టాలి’ అని బెదిరించే యాంకరమ్మ. ఎనిమిదో కళాకారుడు బొటనవేలంత ఉంటాడు, ల్యాప్‌టాప్‌కు గుచ్చి ఉన్నాడు. ఆయన పేరు పెన్‌డ్రైవ్. తక్కిన పన్నెండు మందినీ కడుపులో పెట్టుకున్న మహానుభావుడు ఆయనే. సినిమా పాటలోంచి గాయకుడి గొంతు తీసేసి మిగతాదంతా ఉంచితే దాన్ని మైనస్ ట్రాక్ అంటారు. మైనస్ అయింది గొంతొక్కటే అనుకునేరు, సిగ్గు కూడా. కొన్ని బృందాలు గొంతు తీసే శ్రమ కూడా పెట్టుకోవు. పెదాలు కలిపితే చాలు.

నేను ముందు వరసలో, వయొలిన్ ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. కమాను తీగల మీద ఆనడం లేదు. తీగలకూ దానికీ మధ్య వేలెడు సందు. ఆ సందులోంచి పది వయొలిన్ల మోత వస్తోంది. మన సినిమావాళ్లు తీగవాద్యాల కోసం బుడాపెస్ట్ దాకా పోయి రికార్డు చేయించుకొస్తారు కదా, ఎమ్మిగనూరులో ఆ రాత్రి వినిపించిన వయొలిన్ ఏ హంగరీ అమ్మాయిదో అయ్యుండొచ్చు. పాపం, ఆమెకు తేరు ప్రసాదం కూడా అందలేదు.

తొమ్మిదిన్నరకు కరెంటు పోయింది. జనరేటరు ఉంది గానీ అందులో డీజిలు ఉందో లేదో చూడాల్సిన మనిషి మిరపకాయ బజ్జీల బండి దగ్గరున్నాడు. కీబోర్డు ఆగింది, న్యాయమే. ప్యాడ్స్ ఆగాయి, అదీ న్యాయమే. తబలా కూడా ఆగింది! చీకట్లో ఒక్క దరువు లేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన జీవితమంతా మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి. కాసేపు చూసి, తువ్వాలు దులుపుకుంటూ అన్నాడు: “కరెంటు పాయ, తబలా ఏల నిలిచిందప్పా? తోలుకు కూడా కరెంటు పెట్టినారా? మా మగ్గం దీపం పెట్టుకున్నా ఆడ్తాది. కరెంటు పోతే నిలిచేది మరమగ్గం.”

ఇంతకంటే మంచి సంగీత విమర్శ నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టి నిలబెట్టిన ఊరు ఇది. మరమగ్గం మీద నేసిన గుడ్డను చేనేత అని అమ్మడం మోసమని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. అందుకే 1985లో చట్టం తెచ్చారు, కొన్ని రకాలు చేమగ్గం మీదే నెయ్యాలని. మొదట 22 రకాలు, తర్వాత వాటిని 11కు కుదించారు. 2006లో చేనేత గుడ్డకు ‘హ్యాండ్‌లూమ్ మార్క్’ కూడా వచ్చింది. గుడ్డకు ఇంత కాపలా ఉన్న ఊళ్లో పాటకు ఒక్క ముద్ర లేదు. అయ్యా ప్రభుత్వంవారూ, ‘లైవ్ మార్క్’ ఒకటి పెట్టండి. పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు. అధికారి వచ్చి ఫ్యూజు పీకితే చాలు. మోగుతుంటే ముద్ర వెయ్యండి, మోగకుంటే ఫ్లెక్సీ పీకండి.

పక్కనున్న ఆదోని ఇంకా విచిత్రం. మార్కెట్ యార్డులో పత్తి కొనే వ్యాపారి బోరెంలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగునున్న పత్తి లాగి, పింజ సాగదీసి, తేమ ఎంతో వేళ్లతోనే చెప్పేస్తాడు. పైన తెల్లటిది పేర్చి కింద గుడ్డిపత్తి పెడితే క్షణంలో పట్టేస్తాడు. అదే మనిషి సాయంత్రం వినాయకుడి పందిట్లో పైనా కిందా అంతా గుడ్డిపత్తే ఉన్న ఆర్కెస్ట్రాకు ఐదొందల నోటు చదివిస్తాడు. ఎద్దుకైతే పళ్లు పట్టి చూస్తాం. గాయకుడి నోరు మాత్రం చూడం.

ఈ కోపమంతా కార్యక్రమం అయ్యాక కీబోర్డు ఆయన మీద చూపిద్దామని వెళ్లాను. ఆయన వైర్లు చుట్టుకుంటూ నన్నే అడిగాడు: “అన్నా, మేము నిజంగా వాయిస్తే మీరు వింటారా? పోయినేడు ఒక పాట సొంతంగా వాయిస్తిమి. రికార్డులో ఉన్నట్టు లేదని కమిటీవాళ్లు డబ్బులు కోసిరి.” నోరెత్తలేకపోయాను. రికార్డును చెవిలో పెట్టుకొని వచ్చి, వేదిక మీది మనిషి దానికి జిరాక్సు కాలేదని అలిగేది మనమే. డీజేకయ్యే ఖర్చులో ఇరవై మందిని అడిగేదీ మనమే. అయినా ఒక్క మాట అడగాలి కదా: ట్రాక్ పెట్టుకొని పాడటం నేరం కాదు, మరి ఫ్లెక్సీ మీద ఆ ముక్క రాయడానికి ఏం రోగం?

ఇక సింఫనీ స్థాయి. 2019 అక్టోబరు 19న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో తెర మీద ‘బాహుబలి: ది బిగినింగ్’ ఆడుతుంటే ఎదురుగా వాద్యబృందం కూర్చొని దాని నేపథ్య సంగీతం అప్పటికప్పుడు వాయించింది. 2025 మేలో అదే హాల్లో ‘ఆర్‌ఆర్‌ఆర్’కూ అలాగే జరిగింది. లండన్‌ను చూసి బుద్ధి తెచ్చుకోమని నేననను. మన గొరవయ్య గొంగడి కప్పుకొని, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకొని, ఒక చేత్తో డమరుకం, ఒక చేత్తో పిల్లనగ్రోవి పట్టి ఆడితే దానికి కరెంటూ అక్కర్లేదు, ఫ్లెక్సీ అక్కర్లేదు. ఆయన మాత్రం తనది లైవ్ అని ఎప్పుడూ చెప్పుకోలేదు.

విడుదలల సంగతీ చూడండి. ఇళయరాజా 1993లో లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్‌తో రికార్డు చేసిన సింఫనీ ఇప్పటికీ బయటికి రాలేదు. మనవాళ్లకు అంత ఓపిక లేదు. మూడో రోజుకే యూట్యూబ్‌లో పెట్టేశారు: ‘ఎమ్మిగనూరు లైవ్, ఫుల్ హెచ్‌డీ ఆడియో’. విన్నాను. కరెంటు పోలేదు. జనరేటరు మోత లేదు, పిల్లల ఏడుపు లేదు, పక్కన పెద్దాయన దగ్గు లేదు. చప్పట్లు మాత్రం ఏదో క్రికెట్ స్టేడియంలోవి. మిక్సర్ నుంచి నేరుగా వైరు లాగి తీసుకున్న రికార్డింగు కాబట్టి పెన్‌డ్రైవ్‌లోని పాట కడిగిన ముత్యంలా వచ్చింది.

అదే కొంప ముంచింది. మూడు పాటలు ఫలానా ఆడియో కంపెనీ అసలు రికార్డింగులేనని యూట్యూబ్ యంత్రం పట్టేసి నోరు నొక్కేసింది. బృందంవాళ్లు ‘ఇది మేము స్వయంగా వాయించినది’ అని మొర పెట్టుకున్నారు. యంత్రం ఒప్పుకోలేదు. వేదిక ముందు కూర్చున్న వేల చెవులకు పట్టుబడనిది దానికి పట్టుబడింది.

వీడియో ఇంకా ఉంది, చూడొచ్చు. ఆ మూడు పాటల పొడుగునా కమాను ఊగుతుంది, చప్పుడు రాదు. మొత్తం కార్యక్రమంలో అచ్చమైన లైవ్ ఆ కాసేపే.