బండయాంపు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.
బండ యాంపు మోసి బడలిన బేసిస్టు
చిన్న పెట్టె కొనగ చిత్తగించె
వాట్లు తగ్గలేదు బరువులే తరిగెను
మోయునతడు మెచ్చె ముదముతోడ

ఈ పద్యం ఏ తాళపత్రంలోనూ దొరకదు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి, మూలంలో లేనిది ఒక్క ముక్క కూడా రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఇక్కడ మూలం కూడా వ్యాఖ్యాతే అల్లుకున్నాడు కాబట్టి ఆ ఒట్టు తప్పే ప్రమాదం లేదు. వావిళ్ల వారి పాత ముద్రణల పద్ధతిలో మొదట సందర్భం, ఆపై ప్రతిపదార్థం, నడుమ ఒక పూర్వపక్షం, చివర పాఠభేదం.

సందర్భం. స్థలం ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమాన, నల్లమల పాదాన ఉన్న రాచర్ల. ఈ చుట్టుపక్కల బేస్ గిటార్ మోగే చోట్లు మూడు: గిద్దలూరు, మార్కాపురం కల్యాణ మండపాల్లో ఆర్కెస్ట్రాలు, ఊరూరా తిరునాళ్లు, చర్చి కూటాలు. మూడో దానికి వేళ్లు లోతు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు కంభంలో, మార్కాపురంలో 19వ శతాబ్దంలోనే కాపురం పెట్టారు. ఇవాళ చిన్న పల్లె చర్చిలో కూడా కీబోర్డు, రిథమ్ ప్యాడ్లు ఉంటాయి; కాస్త పెద్ద సంఘమైతే బేస్ గిటార్ కూడా. కార్యక్రమం అయ్యేది రాత్రి, మర్నాడు మరో ఊళ్లో మరొకటి. నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి ఉన్నది రాచర్ల మండలంలోనే, అయితే అడవిలోపల. అలాంటి చోట వ్యాను ఎక్కడిదాకా పోతుందో అక్కడిదాకానే దాని పని. ఆ తర్వాత మనిషి వీపే దిక్కు.

ప్రతిపదార్థం. బండ యాంపు: బండ, ఆంపు అనే రెండు మాటల నడుమ యడాగమం. చిన్నయసూరికి ఆంప్లిఫయర్ తెలియకపోయినా ఆయన సూత్రానికి అది కొత్త కాదు. ఆ విశేషణం ఏ యంత్రానికి తగునంటే, ప్రపంచంలో బేసిస్టులందరూ ఉదాహరణగా చూపేది అమెరికా ఆంపెగ్ కంపెనీ 1969లో తెచ్చిన ఎస్‌వీటీని. 300 వాట్లు, 14 వాక్యూమ్ ట్యూబులు. ఆ ఏడాది రోలింగ్ స్టోన్స్ బృందం అమెరికా యాత్రలో దీన్నే వాడింది. ఆంపు ఒక్కటే దాదాపు 38 కిలోలు. దాని కింద పెట్టే ఎనిమిది స్పీకర్ల పెట్టె, 810ఈ అనే మోడల్, 63 కిలోల పైమాట. వాయించేవాళ్లు దీన్ని ముద్దుగా ఫ్రిజ్ అంటారు. రెండూ కలిపితే నూరు కిలోలు దాటుతుంది, అంటే బియ్యం బస్తాలు నాలుగు.

ఇంత బరువు ఎక్కడిది? శబ్దానిది కాదు, ఇనుముది. గోడ ప్లగ్గులోంచి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అంత నెమ్మదిగా ఊగే కరెంటును ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచాలన్నా తగ్గించాలన్నా ఇనుప రేకుల దిమ్మ, దాని చుట్టూ రాగి తీగ చుట్లు దండిగా కావాలి. ట్యూబుల ఆంపులో అలాంటివి రెండు పెద్దవి: ఒకటి కరెంటు తీసుకోవడానికి, ఒకటి స్పీకరుకు అందించడానికి. స్పీకర్ల వెనక ఫెర్రైట్ అయస్కాంతాలు, ఎనిమిదింటికి ఎనిమిది. వాటిని పట్టి ఉంచడానికి మందపాటి ప్లైవుడ్. ఇందులో సంగీతం బరువు సున్నా.

మోసి బడలిన: క్త్వార్థకం, ఆపై భూతకాల విశేషణం. పని అయ్యాకనే బడలిక అని కవి భావం. అనుభవజ్ఞులు ఒప్పుకోరు. బడలిక మొదలయ్యేది వ్యాను తలుపు తీసినప్పుడు. “అన్నా, దీన్ని ఎవురు ఎత్తాల?” అన్న ప్రశ్న వినగానే బేసిస్టు నడుం సగం వంగిపోతుంది.

బేసిస్టు: నాలుగు తీగల గిటారు వాయించేవాడు. పెళ్లి వీడియోలో కనపడనివాడు. అతని అడుగు తీగ సెకనుకు సుమారు 41 కంపనాలు పలుకుతుంది. ఆ ధ్వని తరంగం పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది. చిన్న చర్చి హాలు ఈ గోడ నుంచి ఆ గోడకు అంత ఉంటే గొప్ప.

చిన్న పెట్టె: కవి పేరు చెప్పలేదు గనక వ్యాఖ్యాత రెండు ఉదాహరణలిస్తాడు. ఇటలీకి చెందిన మార్క్‌బాస్ కంపెనీ లిటిల్ మార్క్ 3 ఆంపు 2.9 కిలోలు, నాలుగు ఓముల స్పీకరుకు 500 వాట్లు. ఎస్‌వీటీ కన్నా వాట్లు ఎక్కువే, బరువు పదమూడో వంతు. స్పీకర్లతో కలిపి ఒకే పెట్టెగా కావాలంటే ఫెండర్ రంబుల్ 500 ఉంది: పదంగుళాల స్పీకర్లు రెండు, బరువు పదహారున్నర కిలోలు. దాని తమ్ముడు రంబుల్ 100 పది కిలోలే. మోటారుసైకిల్ వెనక కూర్చున్నవాడు ఒళ్లో పెట్టుకుని రాచర్ల నుంచి గిద్దలూరు పోవచ్చు. గిటారు భుజాన ఉంటుంది.

ఈ మాయ మూడు చోట్ల జరిగింది. మొదటిది క్లాస్-డి. పాత ఆంపులో కరెంటును కుళాయి తిప్పినట్టు కొద్దికొద్దిగా వదులుతారు, ఆ సగం సగం స్థితిలో వేడి పుడుతుంది. క్లాస్-డిలో స్విచ్చి ఉంటే పూర్తిగా తెరిచి ఉంటుంది, లేకపోతే పూర్తిగా మూసి. సెకనుకు కొన్ని లక్షల సార్లు అలా తెరుచుకుని మూసుకుంటూ, ఎంతసేపు తెరిచింది అన్న లెక్కలోనే పాటను మోస్తుంది. వృథా తక్కువ, కాబట్టి వేడి తక్కువ, కాబట్టి వేడిని లాగే అల్యూమినియం రెక్కలూ తక్కువ. ఆలోచన కొత్తదేం కాదు. 1964లోనే బ్రిటన్‌లో సింక్లేర్ కంపెనీ ఎక్స్-10 అనే కిట్ అమ్మింది. అప్పటి ట్రాన్సిస్టర్లకు అంత వేగం లేక అది నవ్వులపాలైంది. రెండోది ఎస్‌ఎంపీఎస్, మన సెల్‌ఫోన్ ఛార్జర్‌లో ఉన్నదే. 50 సార్లు ఊగే కరెంటును ముందు డీసీ చేసి, మళ్లీ వేల సార్లు ఊగేలా కోసి, అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇస్తారు. ఊపు పెరిగిన కొద్దీ దిమ్మ చిన్నదైతే చాలు. ఇటుకంత ఇనుము అగ్గిపెట్టెంత ఫెర్రైటుకు దిగింది.

మూడోది నియోడిమియం. 1980ల మొదట్లో జపాన్‌లో సుమిటోమో, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు ఎవరి దారిన వారు ఈ అయస్కాంతాన్ని సాధించారు. అదే బలానికి ఫెర్రైటు కన్నా ఎన్నో రెట్లు తేలిక. ఈ లోహం దొరికే మోనజైట్ ఖనిజం మన భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ ఉంది.

వాట్లు తగ్గలేదు: కవి ఇక్కడ కొంత గడుసుతనం చేశాడు. మాట నిజమే, అర్థం పాక్షికం. రంబుల్ 500 పేరులోని 500 రావాలంటే పక్కన మరో స్పీకరు పెట్టె తగిలించాలి. ఒంటరిగా ఉంటే 350. అంతకన్నా పెద్ద మెలిక చెవిది. వాట్లు రెట్టింపైతే ధ్వని పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. రెట్టింపు గట్టిగా ఉందని చెవికి తోచాలంటే దాదాపు పది రెట్లు వాట్లు కావాలి. అదే తరహా స్పీకర్లు రెండు ఉన్నచోట ఎనిమిది పెడితే, ఒక్క వాటు కూడా పెంచకుండానే మంద్రంలో 6 డెసిబెల్స్ దాకా కలిసొస్తాయి. అది నాలుగు రెట్ల వాట్లతో సమానం. కాబట్టి వాట్లు తగ్గకపోయినా మోత తగ్గింది. దుకాణంవాడు వాట్లు చెబుతాడు, మోత చెప్పడు.

దీని వెనక ఒక శాసనమే ఉంది. కేఎల్‌హెచ్ అనే అమెరికా స్పీకర్ల కంపెనీ పేరులోని చివరి అక్షరం హాఫ్‌మన్‌ది. ఆయన తేల్చినదేమిటంటే, పెట్టె చిన్నదిగా ఉండాలి, స్వరం లోతుగా దిగాలి, తక్కువ కరెంటుకు ఎక్కువ మోగాలి, ఈ మూడింట్లో రెండే ఏరుకోవచ్చు. చిన్న పెట్టెవాళ్లు మూడోదాన్ని వదిలేసి వాట్లతో పూడుస్తున్నారు. క్లాస్-డి పుణ్యమా అని వాట్లు చవక గనక లెక్క సరిపోయింది.

పూర్వపక్షం. ట్యూబులవాది లేచి అంటాడు: “ఆ పెద్ద పెట్టెలోంచి వచ్చే మంద్రం పొట్టలో తగులుతుంది. మీ చిన్నదాంట్లో ఏముంది?” వినదగ్గదే. అయితే ఆంపెగ్ సొంత లెక్కల ప్రకారం ఆ ఫ్రిజ్ 58 హెర్ట్జ్ దగ్గరే మెట్టు దిగడం మొదలుపెడుతుంది. 41కి చేరేసరికి బాగా నీరసిస్తుంది. బేసిస్టు అడుగు తీగ మూలస్వరాన్ని మహామహా పెట్టె కూడా పూర్తిగా పలకదన్నమాట. పొట్టలో తగిలేది ఎక్కువగా దాని పైస్వరం, 82. మూలస్వరం సన్నగిల్లినా పైస్వరాల వరస చూసి మెదడే దాన్ని పూరించుకుంటుంది. ఈ సంగతి తెలుగువాళ్లకు వేరే రుజువు చేయనక్కర్లేదు. ఇళయరాజా బృందంలో శశిధరన్ వాయించిన బేస్ నడకలను ఒక తరం మొత్తం అరచేయంత స్పీకరున్న టేప్‌రికార్డర్లో విని, నోటితో పాడగలిగింది.

ట్యూబులవాది రెండో వాదం గట్టిది. పాత ఆంపు చెడితే గిద్దలూరులోనో మార్కాపురంలోనో మెకానిక్ మూత విప్పి, ఏ రెసిస్టరు మాడిందో వాసన చూసి చెప్పగలడు. స్పీకరు కాయిల్ పోతే చుడతారు, కోన్ చిరిగితే మారుస్తారు. క్లాస్-డి బోర్డు మీద భాగాలు నువ్వుగింజల్లో సగం. పోతే బోర్డుకు బోర్డే మార్చాలి, అది రావాల్సింది ఏ నగరం నుంచో. రేపు సాయంత్రం పెళ్లి ఉన్నవాడికి ఇది చిన్న చిక్కు కాదు. సిద్ధాంతి దీనికి బదులు చెప్పలేదు. వ్యాఖ్యాత దగ్గరా బదులు లేదు. మూడు కిలోలే గనక ఇంకోటి తోడు తెచ్చుకోవచ్చని ఒక లఘువివరణ ఉంది. డబ్బున్నవాళ్లకు అది సరిపోతుంది.

అసలు ఆంపే ఎందుకన్న అద్వైతులూ ఉన్నారు. 1992లో టెక్ 21 కంపెనీ సాన్స్ఆంప్ బేస్ డ్రైవర్ అనే అరచేతి పెట్టె తెచ్చింది. గిటారు వైరును దాంట్లో గుచ్చి, అక్కణ్ణుంచి నేరుగా మిక్సరుకు పంపితే ట్యూబుల వాసన కూడా వస్తుంది. మోటౌన్ పాటల బేసిస్టు జేమ్స్ జేమర్సన్ స్టూడియోలో చాలావరకు ఇలా నేరుగానే వాయించాడు. రాచర్ల చర్చిలో జరుగుతున్నదీ ఇదే: బేస్ వైరు మిక్సరులోకి, మిక్సరు సంఘం వారి పెద్ద స్పీకర్లలోకి. ఆంపు ఉంటే వాయించేవాడికి తన చప్పుడు తనకు వినపడ్డానికే.

మైకు సెట్ల కాలంలో ఈ వెసులుబాటు లేదు. అహూజా ఆంప్లిఫయరు, చెట్టుకు కట్టిన హారన్లు, కరెంటు పోతే 12 వోల్టుల కారు బ్యాటరీ. హారన్‌లోంచి ఉపన్యాసం రెండు ఊళ్లకు వినపడుతుంది గానీ బేస్ గిటారు వీధి చివరికి కూడా పోదు. అందుకే అప్పటి బేసిస్టుకు సొంత బండ తప్పలేదు.

బరువులే తరిగెను: ఎవరి బరువు? సమష్టి బరువు తరిగిందని అనుకోవడం భ్రమ. రాత్రి పెళ్లి ఊరేగింపులో ట్రాక్టరు మీద పద్దెనిమిది అంగుళాల బేస్ బాక్సులు కట్టుకుని వచ్చే డీజేని చూసినవారికి తెలుసు, మంద్రస్వరం ఊరు విడిచి పోలేదు, బేసిస్టు వీపు దిగి ట్రాక్టరు ఎక్కింది. ఆ బాక్సు ఎత్తడానికి నలుగురు కావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. 2005లో సుప్రీంకోర్టు రాత్రి నిషేధాన్ని గట్టిపరిచింది. పద్దెనిమిది అంగుళాల బాక్సు దృష్టిలో ఇవన్నీ ప్రక్షిప్త శ్లోకాలు.

మోయునతడు: మోయు, అతడు కలిసి నుగాగమం. మోయు అన్నది తద్ధర్మ విశేషణం. నిన్నా నేడూ రేపూ మోసేవాడే అని అర్థం. ఇతనెవరు? బేసిస్టే అని ఒక మతం. అది పొసగదు, మొదటి పాదంలో అతన్ని పేరుపెట్టి చెప్పిన కవి నాలుగులో మళ్లీ దాచడు. ఆర్కెస్ట్రా వెంట వ్యానులో వచ్చే కుర్రాడు ఇతను. పెట్టెలు దించుతాడు, వైర్లు పరుస్తాడు, తెల్లవారుజామున అందరూ నిద్రపోతుంటే మళ్లీ ఎక్కిస్తాడు. పెట్టె పదహారు కిలోలైతే అది బేసిస్టే పట్టుకుపోతాడు. అప్పుడు ఇతన్ని వ్యానెక్కించుకునేదెవరు, కూలి ఇచ్చేదెవరు? ఇతను ముదముతో ఎందుకు మెచ్చాలి?

అందుకే నాలుగో పాదానికి మరో పాఠం పుట్టింది:

మోయునతడు నొచ్చె మూగవోయి

నడుం నొప్పి ఎరిగిన వ్యాఖ్యాతలు మొదటి పాఠాన్నీ, కూలి లెక్క ఎరిగినవారు రెండోదాన్నీ పట్టుకుంటారు. యతి రెండింటికీ కుదిరింది, గణాలూ తప్పలేదు. ఛందస్సు తీర్పు చెప్పదు. కుర్రాణ్ణే అడుగుదామంటే అతను ఇప్పుడు డీజే ట్రాక్టరు మీద, పద్దెనిమిది అంగుళాల బాక్సుకు ఒక మూల పట్టుకుని ఉన్నాడు. రెండో చెయ్యి ఖాళీ అయ్యాక చెబుతానన్నాడు.