తాతల నాటి రికార్డులకు కాలనీ వైద్యం

చితికిపోయి వచ్చిన గూడ్సు వ్యాగన్లను బాగుచేసి మళ్ళీ పట్టాలెక్కించే వర్క్‌షాపు పక్కన కాపురం ఉంటూ, అటక మీది గ్రామఫోను రికార్డులు బాగుచెయ్యడం మన చేతకాదంటే మన రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ (వ్యాగన్ రిపేర్ షాప్) కాలనీ పరువేం కావాలి? రాయపూర్-పార్వతీపురం రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే కొలువులకు వచ్చినవాళ్ళ ట్రంకుపెట్టెల్లో పాండవోద్యోగం పద్యాలో, ఘంటసాల పాడిన పుష్పవిలాపమో ఎక్కడో ఒకచోట ఉండకపోవు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి కొత్త పెళ్ళికొడుకులా తయారుచేసే పద్ధతి ఇది. ముంబయిలో 1990 నుంచి రికార్డు సేకర్తల సంఘం ఒకటుంది. బ్రిటిష్ లైబ్రరీ సాయంతో యంగ్ ఇండియా, ఓడియన్ కంపెనీల రికార్డులను వాళ్ళు డిజిటల్ చేశారు. అదంతా తీరుబడి వ్యవహారం. మనకు ఒక్క ఆదివారం మధ్యాహ్నం చాలు.

1. ముందుగా స్పిరిట్‌తో శుభ్రంగా కడగండి

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేటులో ఉండేది లక్క, రాతిపొడి, మసి. ఆ లక్క మనకు పరాయిది కాదు. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కుసుమ చెట్టు మీదా మోదుగ మీదా పురుగు పెట్టేది అదే. బీరువాకు పాలిష్ వేసే మేస్త్రీ లక్కను దేనిలో కరిగిస్తాడో చూశారుగా? స్పిరిట్‌లోనే. కాబట్టి స్పిరిట్ గుడ్డతో గట్టిగా రుద్దితే మురికితో పాటు గాడి కూడా కరుగుతుంది. గాడే లేనప్పుడు గీతలెక్కడ, గరగరలెక్కడ? 1948లో మొదలైన వినైల్ ఎల్పీలకు మాత్రం ఈ భాగ్యం లేదు. అవి స్పిరిట్‌కు అంత తేలిగ్గా కరగవు. డిస్టిల్డ్ వాటర్లో చుక్క సబ్బునీరు కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడి తుడిచి, లేబుల్ తడవకుండా చూసుకుని, పూర్తిగా ఆరాకే ముల్లు పెట్టమనే వాళ్ళుంటారు. పిరికివాళ్ళు, వదిలెయ్యండి.

2. వంకర పోవాలంటే డాబా ఎక్కించండి

మే నెలలో రాయపూర్ ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. క్వార్టర్స్ డాబా మీద వడియాల పక్కనే ప్లేట్లను పరిచి రండి. సాయంత్రానికి వంకర ఉన్నవి ఇంకో రకం వంకరలోకి వస్తాయి, లేనివాటికి కొత్తగా వస్తుంది. తర్వాత అన్నిటినీ ఒకదాని మీద ఒకటి దొంతిగా పేర్చి, పైన కుట్టుమిషను పెట్టండి. కవరులో వేసి నిలువుగా నిలబెట్టాలనేది చోటు ఎక్కువున్నవాళ్ళ ముచ్చట.

3. అన్నిటికీ ఒకే ముల్లు

పాత 78 ప్లేటు గాడి వెడల్పాటిది. దానికి మొన సుమారు 75 మైక్రాన్లు ఉండాలి. ఎల్పీకి సుమారు 25 చాలు. ఎల్పీ ముల్లును పాత ప్లేటులో పెడితే గోడలను వదిలి గాడి అడుగున దుమ్ములో పొర్లుతుంది. పద్యం తక్కువ, బరబర ఎక్కువ వినిపిస్తుంది. పాతకాలపు అనుభూతి కావాలన్నది మీరేగా? అలాగే ఘంటసాల భగవద్గీత ఎల్పీని కీ ఇచ్చే గ్రామఫోను మీద ఇనప ముల్లుతో ఒక్కసారి వినండి. ఒక్కసారే. వంద గ్రాములు పైబడిన ఆ బరువు కింద రెండోసారి వినడానికి గాడిలో పెద్దగా ఏమీ మిగలదు.

4. వైరు నేరుగా లాప్‌టాప్ మైకు రంధ్రంలోకి

రికార్డు కోసేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను పెంచి కోస్తారు. వినేటప్పుడు దాన్ని తిరగేసి సరిచెయ్యాలి. ఆ లెక్కకు 1954లో ఆర్ఐఏఏ అనే ప్రమాణం వచ్చింది. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఇలా తిరగేసి సరిచెయ్యడమే ఫోనో ప్రీయాంప్ అనే పరికరం చేసే పని. మీకెందుకా ఖర్చు? నేరుగా తగిలిస్తే కృష్ణుడూ దుర్యోధనుడూ ఒకే సన్నగొంతుతో వాదించుకుంటారు. వేషాలు వేరైనా ఆత్మ ఒకటేనన్న వేదాంతం ఉచితం.

5. వేగం మీ ఓపికను బట్టి

లేబుల్ మీద 78 అని ఉన్నా, తొలినాళ్ళ ప్లేట్లన్నీ కచ్చితంగా ఆ వేగానికే కోసినవి కావు. పద్యం వెనక హార్మోనియం ఉంటే ఒక ఆధారం దొరుకుతుంది. పాట శ్రుతి రెండు మెట్ల మధ్య ఎక్కడో వేలాడుతుంటే వేగం తేడా ఉండవచ్చునని అనుమానించాలి. హార్మోనియం కోసం వెతికే తీరిక ఎవరికుంది? కాస్త వేగం పెంచండి. రాగం ఎక్కువ తీస్తాడని పేరున్న నటుడు కూడా మూడు నిమిషాల పద్యం రెండున్నరకే ముగిస్తాడు.

6. రొద అన్నది ఒక్క చుక్క మిగలకూడదు

అసలు వైద్యం ఇదే. సాఫ్ట్‌వేర్లో రొద తగ్గించే మీట కనిపించగానే చివరికంటా తిప్పండి. 1925 తర్వాత వచ్చిన ఎలక్ట్రికల్ రికార్డింగుల తొలి రోజుల్లో పట్టుబడిన శబ్దం సుమారు 5,000 హెర్ట్జ్ వరకే. ఆ కాస్త మేరలోనే తాళాల చిరుమోత, హార్మోనియం తిత్తి ఊపిరి, గాయకుడి శ, ష, సలు కూడా ఉంటాయి. ప్లేటు గరగర కూడా అక్కడే కలిసి ఉంటుంది. ఏది ఏదో యంత్రానికి తెలియదు. మీట చివరికి వెళ్ళేసరికి శ్రీకృష్ణుడు రీకృష్ణుడవుతాడు, తాళాలు నీళ్ళలో మునుగుతాయి. ఇంట్లోవాళ్ళు మాత్రం ఎంత క్లియర్‌గా ఉందోనని మెచ్చుకుంటారు.

ఇంకో మార్గం చెబుతారు, నమ్మకండి. మన ఇళ్ళలో దొరికే 78 ప్లేట్లలో పాట దాదాపు ఎప్పుడూ ముల్లు అటూ ఇటూ కదలడంలోనే ఉంటుంది. పైకీ కిందికీ కదిలించేది రొదే. స్టీరియో పికప్‌తో ఎక్కించి రెండు చానళ్ళనూ సరిగా కలిపితే ఆ నిలువు రొద చాలావరకు దానంతటదే రద్దవుతుంది. ఆపైన పెద్ద టపటపలను ఒక్కొక్కటే చేత్తో తీసి, చిన్న గరగరను ఉండనిస్తే గొంతు గొంతులా మిగులుతుంది. పైసా ఖర్చు లేని ఉపాయంలో పస ఎక్కడుంటుంది?

7. చప్పుడు పెంచండి

దసరాకు మన కాలనీ మైదానంలో రావణుడు టపాసులతో కాలుతున్నప్పుడు కూడా మీ పద్యం వినబడాలి. తెరమీద ధ్వని రేఖ ఎత్తుపల్లాలు పోయి పెట్టెలా చదునయ్యేదాకా పెంచండి. దానికి కాస్త ప్రతిధ్వని, కింద డప్పు దరువు కలిపితే తిరుగులేదు.

8. మూలప్రతి ఉంచుకోకండి

ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల ఫైలు చెయ్యమంటుంది; భాండాగారాల్లో ఎక్కువగా వాడేది 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లు. ఏ మార్పూ చెయ్యని ఆ ప్రతిని అలాగే దాచి, వైద్యమంతా నకలు మీద చెయ్యాలట. స్టీరియోలో 96 కిలోహెర్ట్జ్‌తో అలా తీస్తే ప్లేటులో మూడు నిమిషాల ఒక వైపుకు 100 ఎంబీ పైనే. అదే ఎంపీత్రీ చేస్తే మూడు ఎంబీ, వాట్సాప్‌లో క్షణంలో పోతుంది. ఫైలుకు ‘పాత పద్యం 1’ అని పేరు పెట్టండి. పాడినవారు, కంపెనీ, కేటలాగ్ నంబరు, లేబుల్ పక్కన నున్నటి చోట చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు రాసుకోవద్దు. రేపు ఎవరైనా పాడిందెవరని అడిగితే ఘంటసాల అనేయండి. కాదని చెప్పడానికి ఆధారమేమీ మిగల్చలేదు కదా.

9. చివరగా ప్లేటు వదిలించుకోండి

ఫోన్‌లోకి వచ్చాక నల్ల ప్లేటుతో పనేముంది? ఆదివారం కబాడీవాలా వచ్చినప్పుడు తూకానికి ఇచ్చెయ్యండి. రేపు మెరుగైన ముల్లూ మెరుగైన పరికరమూ వస్తే మళ్ళీ ఎక్కించుకోవచ్చు కదా అని అడ్డుపడేవాళ్ళకు, ఒకసారి బాగుచేసింది మళ్ళీ బాగుచెయ్యడమేమిటని గట్టిగా చెప్పండి.

కొన్నాళ్ళకు ఫోన్ పోయి, ఫైలూ పోతే కంగారు పడకండి. అదే పద్యం మన కాలనీలోనే ఇంకెవరింటి అటక మీదైనా ఉండవచ్చు. వెళ్ళి అడగండి. అయితే ముందుగా ఒక్కటి కనుక్కోండి: ఈ వ్యాసం వాళ్ళు చదవలేదు కదా?