ఎడమ భుజం అరంగుళం తక్కువ

నేనొక ఖాకీ కాగితాన్ని. తెనాలిలో ఓ ఇంటి ముందుగదిలో, కుట్టుమిషను పక్కన మేకుకు వేలాడుతుంటాను. నా మీద పెన్సిలుతో రాసి ఉంటుంది: చెస్టు 34, నడుము 28, ఎడమ భుజం అరంగుళం తక్కువ. ఆ చివరి మాట కోసమే నేను పుట్టాను. ఈ కొలతలున్న అమ్మాయి ఇంటర్ చదివే రోజుల్లో ఏ రెడీమేడ్ వేసుకున్నా ఎడమవైపు జారిపోయేది. ఈ మిషను కుట్టే అక్క టేపు పట్టి, రెండు భుజాలూ విడివిడిగా కొలిచి నన్ను కత్తిరించింది. మామూలుగా కాగితం సగం వంటికే కోస్తారు. గుడ్డ మడత మీద పరిస్తే రెండో సగం దానంతటదే వచ్చేస్తుంది. నన్ను మాత్రం నిండుగా కోసింది.

అమెరికాలో 1863లోనే ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ సైజుల వారీగా కాగితపు నమూనాలు అమ్మాడు. అవి ఎంతోమందికి సరిపోవాలి. నేను ఒక్కరికి సరిపోతే చాలు. అందుకు నాకు ఎంతో గర్వం.

మొన్న ఆ అమ్మాయి ఓ రేయాన్ లాంగ్ ఫ్రాకు, మంగళగిరి నేత గుడ్డ పట్టుకొచ్చింది. బడిలో టీచరుగా చేరిందట.

"అక్కా, అచ్చం ఇలాగే కావాలి. కానీ ఇలా జారకూడదు."

"కుట్లు విప్పి చూడనా?"

"వద్దక్కా, అమ్మ కొనిపెట్టింది."

అక్క గుడ్డను రాత్రంతా నీళ్లలో నానేసింది. ముడుచుకునేదేదో కోయకముందే ముడుచుకోవాలిగా! తెల్లారి నన్ను బల్లమీద పరిచింది. ఫ్రాకుకి ఛాతీ కింద ఒక అతుకు, అక్కణ్నుంచి కుచ్చులు. ఆ అతుకు భుజం నుంచి కొలిస్తే నా మీద గీత ఎడమకు వాలిపోతుంది. అందుకే పిల్లను నిలబెట్టి నేల నుంచి కొలిచింది. అప్పుడు కత్తెర నన్ను అడ్డంగా రెండు చేసింది. కింది ముక్కను నిలువుగా చీల్చి, ఎడం చేసి, ఆదివారం అనుబంధం కాగితం మీద అతికించింది. రేయాన్‌లో కుచ్చు రెండింతలుంది. అది జారుడు గుడ్డ కాబట్టి ఒదిగిపోతుంది. మంగళగిరి నూలు బిగువుగా నిలబడుతుంది. అక్క ఒకటిన్నర రెట్లే ఉంచింది.

ముందు పాతచీర ముక్కతో ట్రయల్ కుట్టింది. పిల్ల చెయ్యెత్తితే ఫ్రాకంతా పైకి లేచింది. చంక లోతుగా ఉంటే చేతికి వీలనుకుంటారు చాలామంది. అది తప్పు. చంక ఎంత కిందికి ఉంటే చెయ్యి అంతగా ఒంటిమీది గుడ్డను లాక్కుపోతుంది. ఎవరికైనా పట్టాలని రెడీమేడ్‌లో చంక దించేస్తారు. అక్క ఆ లోతునే నా మీదికి దింపుకుంది.

"తప్పు నాదేనమ్మా," అని, నోట్‌బుక్‌లోంచి గీతల కాగితం చించి, రెండు చంకల్లో అరంగుళం వెడల్పున మైదాతో అతికించింది. చంక పైకొచ్చింది. అందుకు తగ్గట్టు చేతిముక్కనూ మార్చింది. మైదా ఆరేదాకా నన్ను కదపలేదు.

నాలుగో రోజు సాయంత్రం ఆ పిల్ల కొత్త ఫ్రాకు తొడుక్కుని నా ముందు గోడవైపు తిరిగింది. చేతిలో అక్క మార్కింగ్ చాక్. చెయ్యి పైకెత్తి, బోర్డుమీద తేదీ వేస్తున్నట్టు గాల్లో రాసింది. అంచు లేవలేదు. ఎడమ భుజం జారలేదు.