దసరా కవర్లు

ఆత్మకూరులో ఒక రైస్‌మిల్లు సేటుకు ఓ పద్ధతి ఉంది. దసరాకు నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం తిండ్లు అయ్యాక, పనివాళ్లను ఒక్కొక్కరినే తన గదిలోకి పిలుస్తాడు. తలుపు దగ్గరికి వేయమంటాడు. తెల్ల కవరు చేతిలో పెట్టి, గొంతు తగ్గించి, "నీకైతే జర ఎక్కువనే పెట్టిన. బయట ఎవరితోని అనకు" అంటాడు. బాయిలర్ కాడ నిలబడేవాడికీ అదే మాట, కాటా కాడ ఉండేవాడికీ అదే మాట, మిల్లు ఊడ్చే ఆడవాళ్లకూ అదే మాట. పొద్దున సద్ది విప్పుకొని ఒకరి తొక్కు ఒకరు పంచుకున్న మనుషులు, కవరు నడుముకు దోపుకొని బయటికి వచ్చాక మాత్రం పక్కవాళ్ల ముఖం చూడరు. ఎక్కువ వచ్చిందన్న సంబరం ఒకవైపు, అది దాచాలన్న బెరుకు ఒకవైపు. ఆ పూట మిల్లులో మిషన్ల చప్పుడు తప్ప మనిషి మాట వినపడదు.

ఆ మిల్లులో మునీం ఇరవై ఏళ్లుగా ఉన్నాడు. వడ్ల గింజను పంటి కింద పెట్టి కొరికి, తేమ పదిహేడు శాతం దాటిందో లేదో చెబుతాడు. మీటరు పెట్టి చూస్తే ఆయన చెప్పినంతే వస్తుంది. సర్కారు వడ్లు మిల్లాడితే క్వింటాలుకు పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పజెప్పాలి. అందులో నూక ఎంత పోయింది, తౌడు ఎంత వచ్చింది అంతా ఆయనకు నోటి లెక్క. జూరాల ఎడమ కాలువ కింద వరి ఎంత సాగైందో, ఏ ఊరి వడ్లలో తాలు ఎక్కువో ఆయనను అడిగితే చాలు. జీతం పద్దెనిమిది వేలు. దసరా కవరు పది వేలు. మిల్లులో తన కవరే పెద్దదని ఆయన నమ్మకం. సేటే చెప్పాడు మరి.

రెండేళ్ల కింద ఒక అమ్మాయి చేరింది. వనపర్తిలో డిగ్రీ చదివింది. ట్రక్ షీట్లు, బిల్లులు, ఆన్‌లైన్ పనులన్నీ ఆమె కంప్యూటర్‌లోనే. మునీంను కాకా అంటుంది. ఏ వ్యాపారి చెక్కు నిలుస్తుంది, ఎవరిది తిరిగొస్తుంది, కాటా చీటీలో మోసం ఎక్కడ దాగుతుంది, అన్నీ ఆయనే దగ్గర కూర్చోబెట్టుకొని నేర్పాడు. అంతకుముందు ఆడిటర్ దగ్గరే తయారయ్యే జీతాల రిజిస్టరు, బోనస్ రిజిస్టరు కూడా ఈ మధ్య ఆమె చేతికి వచ్చాయి.

2024 సెప్టెంబరు 20న ఊడ్చే ఆడవాళ్లు షెడ్డు నీడలో అన్నం తింటుంటే వాచ్‌మన్ ఫోన్‌లో వార్తలు పెట్టాడు. సింగరేణి కార్మికులకు లాభాల్లో వాటాను ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటిస్తున్నాడు. 33 శాతం, 796 కోట్లు, ఒక్కో కార్మికుడికి సగటున లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారి తలా ఐదు వేలు. ఊడ్చేవాళ్లలో ఒక పెద్దామె ముద్ద చేతిలోనే పెట్టుకొని మునీం వైపు తిరిగింది.

"సారూ, గాళ్లకు ముఖ్యమంత్రే టీవీల చెప్తున్నడు. మనకు తలుపేసి కవర్ల పెడ్తరెందుకు?"

"గది బొగ్గు గనులు, సర్కారు కంపెనీ. గిది మిల్లు" అన్నాడు మునీం. ఆ జవాబు తనకే చాల్లేదని ఆయన ముఖం చూస్తే తెలిసేది.

నిజానికి ఆ పెద్దామె అడిగిందే అసలు ప్రశ్న. సింగరేణిలో మాత్రం అందరికీ న్యాయం జరిగిందా? ఒకే గనిలో దుమ్ము తింటూ ఒకరు లక్షా 90 వేలు, ఇంకొకరు ఐదు వేలు తీసుకోవడం నాకు న్యాయంగా కనిపించదు. కానీ ఆ ఐదు వేల మనిషికి తనకు ఎంత తక్కువ వచ్చిందో పైసలతో సహా తెలుసు. తెలిసింది కాబట్టి అడగగలడు, ధర్నాకు కూర్చోగలడు, మళ్లీ ఏడాది గట్టిగా అడగగలడు. 2025లో ఆ ఐదు వేలు ఐదున్నర వేలు అయ్యాయి. పెరిగింది కొంచెమే, కానీ అదీ అందరి ముందే పెరిగింది. కవరు పుచ్చుకున్నవాడికి ఆ దారి ఉండదు. ఎంత పోయిందో తెలియనివాడు దేనికోసం కొట్లాడతాడు?

ఆ 2024 సెప్టెంబరు నెలాఖరులో ఒక సాయంత్రం ఆ అమ్మాయి చేతిలో ఏవో కాగితాలు పట్టుకొని సేటు గదిలోకి పోయింది. చాలాసేపటికి బయటికి వచ్చింది. అప్పటి నుంచి ఊడ్చే ఆడవాళ్లతో కూర్చొని టీ తాగడం మానేసింది. అక్టోబరులో ఎప్పటిలాగే కవర్లు పంచారు. మరునాడు చెత్తబుట్ట ఖాళీ చేస్తూ ఆ పెద్దామె ఒక చింపిన కవరు తెచ్చి మునీంకు చూపింది.

"గిది పనికొచ్చే కాయితమా సారూ, పారెయ్యన్నా?"

కవర్లు తారుమారు కాకుండా సేటు మడత లోపల పెన్సిల్‌తో పేరు, అంకె రాస్తాడు. దాని మీద ఆ అమ్మాయి పేరు ఉంది. పక్కన పదిహేను అని ఉంది.

ఇలాంటి చీటీయే ఒకటి అమెరికాలో పెద్ద కథ అయింది. అలబామాలో గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో లిల్లీ లెడ్‌బెటర్ అనే ఆమె 19 ఏళ్లు పనిచేసింది. జీతం సంగతి ఎవరితోనూ మాట్లాడొద్దన్నది అక్కడా ఉన్న కట్టడే. ఒకరోజు ఎవరో పేరు లేకుండా ఒక చీటీ పెట్టి పోయారు. అందులో ఆమె జీతం, అదే పని చేసే ముగ్గురు మగవాళ్ల జీతాలు ఉన్నాయి. ఆమెది అందరికంటే తక్కువ. కోర్టుకు పోతే, ఫిర్యాదు గడువు దాటిపోయిందని 2007లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. తెలియనియ్యకుండా దాచిపెట్టిన దానికి, సకాలంలో ఎందుకు తెలుసుకోలేదని అడగడం ఎక్కడి ధర్మం? 2009లో ఆమె పేరుతోనే చట్టం వచ్చింది కానీ, ఆమెకు రావాల్సిన డబ్బు మాత్రం రాలేదు. మన దసరా నాడే, 2024 అక్టోబరు 12న, ఆమె కన్నుమూసింది.

మునీంకు ఆ పండుగ పూట ముద్ద దిగలేదు. జమ్మి కొమ్మ చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకునేటప్పుడు కూడా ఆ పదిహేనే కళ్ల ముందు ఆడింది. ఇరవై ఏళ్లు తాను, రెండేళ్లు ఆమె. పని నేర్పింది తాను. పండుగ దాటాక ఆమెతో మాట మానేశాడు. ఏదైనా అడిగితే "కంప్యూటర్‌ల సూడు, అండ్లనే ఉంటది" అనేవాడు. ఆ అమ్మాయి తల దించుకొని పోయేది. అది పొగరని ఈయన అనుకున్నాడు.

ఆ మంటలోనే ఒకరోజు సెలవు పెట్టి వనపర్తి లేబర్ ఆఫీసుకు పోయాడు. అక్కడ తెలిసిన సంగతులన్నీ చిట్టా పుస్తకం వెనక పేజీలో రాసుకొచ్చాడు. అప్పటికి అమల్లో ఉన్నది 1965 నాటి బోనస్ చట్టం. ఇరవై మంది, అంతకుమించి పనిచేసే చోట, నెల జీతం 21 వేలు దాటని ప్రతి మనిషికీ, ఏడాదిలో 30 రోజులు పనిచేసి ఉంటే చాలు, కనీసం 8.33 శాతం బోనస్ ఇవ్వాలి. అంటే పన్నెండు నెలల కష్టానికి ఇంకో నెల. లాభం రాలేదన్నా ఆ కనీసం తప్పదు. లెక్కల సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలల్లోపు చెల్లించాలి. మార్చి లెక్కకు గడువు నవంబరు, అందుకే దసరా, దీపావళి మధ్య ఇచ్చే ఆనవాయితీ. ఎవరికి ఎంత ఇచ్చారో రిజిస్టరులో రాసి సంతకం తీసుకోవాలి. బోనస్ ఇనాం కాదని, మామూలు కాదని, ఆపుకున్న జీతమని ఆయనకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ సేటు చేతి చలువ అనుకొని దండం పెట్టి తీసుకున్నాడు. ఆ దండం మాట నాతో చెప్పేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోయింది.

వచ్చాక ఊడ్చే ఆడవాళ్లను అడిగాడు. కవర్ల ఎంతొచ్చిందో చెప్పమంటే ముందు ఎవరూ నోరు విప్పలేదు. పెద్దామె ముందు చెప్పింది, రెండు వేలని. పక్కామె ఉలిక్కిపడింది. "నాకూ రెండే. ఎక్కువ పెట్టిన అన్నడు గద!" అలా ఒక్కొక్కరే చెప్పుకుంటూ వచ్చారు. పద్నాలుగు మంది, పద్నాలుగు కవర్లు, అన్నింట్లో రెండు వేలే. ఏళ్ల తరబడి ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్న భాగ్యం అంతా ఒక్కటే అంకె.

మునీం లెక్క కట్టాడు. చట్టంలో ఉన్న కింది పరిమితి ప్రకారం, నెలకు ఏడు వేల జీతం చొప్పున పట్టుకున్నా, ఏడాదికి 84 వేలు. దాని మీద 8.33 శాతం 6,997 రూపాయలు. చేతికి వచ్చింది రెండు వేలు. ఒక్కొక్కరికి ఇంకా 4,997 రావాలి. పద్నాలుగు మందికి కలిపి 69,958. కాగితం తానే రాశాడు, గుండ్రటి అక్షరాలతో, కొట్టివేత ఒక్కటీ లేకుండా. మాకు రావాల్సింది ఇప్పించండి, రిజిస్టరు చూపించండి, వచ్చే ఏడు నుంచి కవర్లు బంద్ చేసి అందరి ముందు పేరు పేరునా చదివి ఇవ్వండి అని. మొట్టమొదటి సంతకం తనది. సంతకం రానివాళ్లు ఊదా రంగు స్టాంపు ప్యాడు మీద బొటనవేలు అద్ది ముద్రలు వేశారు.

ఆ అమ్మాయి దగ్గరికీ కాగితం పట్టుకుపోయాడు.

"నన్ను అడగకు కాకా" అంది తల ఎత్తకుండా.

"పదిహేను వేలు తీసుకున్నోళ్లు ఎందుకు పెడ్తరు!" అన్నాడు మునీం, ఆడవాళ్లందరికీ వినపడేటట్టు.

దీపావళికి ఇంకా కొన్ని రోజులు ఉన్నాయి. ఆడవాళ్లు షెడ్డు కింద నిలబడ్డారు. మునీం కాగితంతో లోపలికి పోయాడు. తలుపు తెరిచే ఉంచాడు. సేటు లేచి వచ్చి దగ్గరికి వేశాడు.

సేటు మొత్తం చదివాడు. అద్దాలు తుడుచుకొని ఇంకోసారి చదివాడు. కోపానికి రాలేదు.

"రాత మంచిగున్నది. లెక్క గూడ కరెక్టే" అన్నాడు. "గని నడుమ నువ్వెందుకు నొచ్చుకున్నవో నాకు సమజైంది. నీ కవర్ల తక్కువ పడ్డది. పనుల మీద పడి సూసుకోలే."

సొరుగు లాగాడు. వేలు తడి చేసుకుంటూ ఐదు వందల నోట్లు పది లెక్కపెట్టాడు. తెల్ల కవరులో పెట్టి బల్ల మీద ముందుకు జరిపాడు. ముద్రలు వేసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అదే సొరుగులో వేసి తాళం తిప్పాడు.

"ఎవరితోని అనకు."

గా కాయితం నా ఒక్కనిది కాదు సేటు, గాళ్లందరిది అనాలి. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చిందని ఆయన తర్వాత నాతో అన్నాడు. పిల్ల పెండ్లి అప్పుంది, మిత్తి కట్టే తారీఖు దగ్గర పడింది, యాభై దాటాక ఇంకో మిల్లులో ఎవరు పెట్టుకుంటారన్న భయమూ ఉంది. చేయి కవరు మీదికి పోయింది. అంగీ లోపలి జేబులో పెట్టుకొని గుండీ వేసుకున్నాడు.

బయట ఆడవాళ్లు ఎదురొచ్చారు. వాళ్ల బొటనవేళ్లకు ఊదా రంగు ఇంకా పోలేదు.

"ఏమన్నడు సారూ?"

"ఆలోచన జేస్తమన్నడు. దీపావళి పోనియ్యమన్నడు."

"రిజిస్టరు?"

"అదీ సూస్తమన్నడు."

పెద్దామె కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత చీపురు తీసుకొని వెళ్లిపోయింది. మిగతావాళ్లూ ఆమె వెంట కదిలారు. మునీం వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. అవతలి బల్ల దగ్గర కీబోర్డు చప్పుడు ఆగింది. పద్నాలుగు మంది పేర్ల ఎదురుగా ఎంతెంత ముట్టినట్టు ఉందో ఆ రిజిస్టరులో కొట్టిన అమ్మాయి, అది పట్టుకొని సెప్టెంబరులో సేటు గదిలోకి పోయి అడిగిన అమ్మాయి, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆయన వైపు తిరిగి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"నీకు గూడ ఐదు వేలేనా కాకా?"