నేరాలు తగ్గించడం మా దగ్గర నేర్చుకోండి

దేశంలో నేరాలు ఎట్లా తగ్గించాలా అని ఢిల్లీలో పెద్దోళ్లు కమిటీల మీద కమిటీలు వేసి తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. ఒక్కసారి నందికొట్కూరుకు వచ్చిపోయింటే ఆ ఆయాసం తప్పేది. కర్నూలులో బస్సెక్కితే గంటలో దిగొచ్చు. 2022 ఏప్రిల్ 4న మా ఊరు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాకు మారింది. ఆ పొద్దుతో కర్నూలు జిల్లా లెక్కలో మా నేరాలన్నీ మటుమాయం. లాఠీ లేవలేదు, జీపు కదల్లేదు. ఇంత శాంతియుతంగా నేరాలు తగ్గించిన దేశం ఇంకోటి ఉంటే చెప్పండి.

ఇక మా సీమ స్టేషన్లలో ఆదివారం కౌన్సెలింగ్ అని ఒక క్రతువుంది. రౌడీషీటు ఉన్నోళ్లంతా పొద్దున్నే ఇస్త్రీ చొక్కాలేసుకుని, చేతులు కట్టుకుని వరసలో నిలబడాల. సత్ప్రవర్తనతో మెలగండని ఎస్సై గారు ప్రవచనం చెబుతారు. వరసలో ముందున్న పెద్దాయనకు అరవై దాటి చానాళ్లయింది. మోకాళ్ల నొప్పులు, గోడకు ఆనుకోనిస్తే అదే పదివేలు. ఒకప్పుడు ఏ ఇంటి కోసం బాంబుల సంచి మోసినాడో ఆ ఇంటి పిల్లలు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. షీటు మాత్రం ఈయన పేరు మీదే నడుస్తోంది. పక్కన నిలబడింది ఆనాటి ఎదుటి వర్గం మనిషి. ఎస్సై అటు తిరగ్గానే ఇద్దరూ మిరపకాయల రేటు మాట్లాడుకుంటారు. మరి సంచి మోయించినాయన? ఆయనకు షీటు లేదు, గన్‌మన్లు ఉన్నారు.

ఇట్లా పేర్లు రాసిపెట్టుకుని హాజరు తీసుకోవడం మన ఎస్సైలు కనిపెట్టిన విద్య అనుకుంటే పొరపాటు. 1871లోనే తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చినారు. 1911 తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీలోనూ గట్టిగా కాలూనింది. 1913లో ఆ తెగలోళ్లను ఉంచే సెటిల్మెంటుగా స్టూవర్టుపురం పుట్టింది. అప్పటి మా కర్నూలు జిల్లా సిద్ధాపురంలోనూ ఒక సెటిల్మెంటు పెట్టినారు. పుట్టగానే దొంగ అని రాసిపెట్టుకుంటే, పెద్దయినాక దొంగను వెతికే పని తప్పుతుంది కదా! 1952లో ఆ చట్టం పోయింది. అలవాటు పోయిందా అంటే, ఊళ్లో మెళ్లో గొలుసు తెగితే జీపు మొదట ఏ పేటకు పోతుందో చిన్నపిల్లోడినడిగినా చెబుతాడు.

కార్డన్ సెర్చ్ ఇంకో ముచ్చట. తెల్లారుజామున కోడి కూయకముందే కాలనీ చుట్టూ పోలీసులు దిగుతారు. కరుడుగట్టిన నేరస్థులు దొరకరు, సీబుక్కు లేని మోటారు సైకిళ్లు దొరుకుతాయి. మర్నాడు పేపర్లో ఫొటో: ముందు వరస బండ్లు, వెనక వరస ఖాకీలు. అందులో ఒక బండికి పాలక్యాన్ కొక్కేలు ఇంకా వేలాడుతూనే ఉంటాయి.

అయితే అసలైన విద్య స్టేషన్ రైటర్ టేబుల్ మీద ఉంది. సంతలో ఎవరిదో సెల్‌ఫోన్ ఎవడో కొట్టేస్తాడు. లబోదిబోమంటూ పోతే రైటర్ నిదానంగా అడుగుతాడు.

"కొట్టేసినోడిని చూసినావా?"

"చూడలేదు సార్."

"మరి కొట్టేసినారని ఎట్లా చెప్తావప్పా? పోగొట్టుకున్నానని రాసియ్యి."

అంతే, దొంగతనం కాస్తా అజాగ్రత్త అయింది. వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరమని కనబడితే ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని సుప్రీంకోర్టు లలితకుమారి కేసులో 2013లోనే తేల్చి చెప్పింది. కోర్టు చెప్పింది ఎఫ్ఐఆర్ గురించి, ఇక్కడ రాసింది అర్జీ గదా! కేరళోళ్లకు ఈ తెలివి లేదు. వచ్చిన ఫిర్యాదల్లా రాసుకుంటారు, జాతీయ నేర గణాంకాల్లో పైవరసలో కూర్చుని మాట పడతారు.

ఇటలీలో బెకారియా అని ఒకాయన ఉండేవాడు. శిక్ష ఎంత ఘోరమన్నది కాదు, తప్పించుకోలేమన్న భయమే నేరాన్ని ఆపుతుందని 1764లో పుస్తకం రాసినాడు. పాపం, ఆయనకు మా వాయిదాల సంగతి తెలియదు. పట్టపగలు, నడిబజారులో, వందమంది చూస్తుండగా వేటకొడవలి లేస్తుంది. కేసు విచారణకొచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. ఈలోగా పెద్దమనుషులు రాజీ కుదురుస్తారు, పిల్లనిచ్చి పుచ్చుకుంటారు కూడా. బోనెక్కిన సాక్షులందరూ "ఆ పొద్దు నేను ఊళ్లో లేను సార్" అంటారు. అందరి మాటా నమ్మితే ఆ రోజు ఊరు ఊరంతా ఖాళీ అన్నమాట.

మనిషి మాట తప్పినా రక్తపు మరక తప్పదని కొత్త నేర విచారణ చట్టం 2024 జులై 1 నుంచి దారి వెతికింది. ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు చోటుకొచ్చి తీరాలి. నిజంగా మంచి మాటే, నేను వెటకారమాడటం లేదు. కాకపోతే దీన్ని అమల్లో పెట్టడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల దాకా గడువు కూడా ఆ సెక్షన్‌లోనే ఇచ్చినారు. అంతవరకూ మరక ఆరకుండా చూసుకోవాల.

డిసెంబరు ఆఖర్లో జిల్లాల్లో వార్షిక నేర నివేదికల ప్రెస్‌మీట్లు ఎటూ ఉంటాయి. ఈ ఏడు కూడా నేరాలు తగ్గుతాయి. ఎంత శాతమనేదే ఇంకా ఖాయం కాలేదంట.